ఆషాఢంలో ఓటోరైనోలారింగాలజీ

నేను ఒక పొడుగాటి మాటను. ఈ సాయంత్రం తునిలో, పుట్టింట్లో ఉన్న అలేఖ్య ఫోన్‌లో నేను కనబడగానే ఆ కొత్త పెళ్లికూతురు మంచం మీద ఎగిరి గంతేసింది. పీజీ సీటు నాలోనే వచ్చింది. అదీ కాకినాడలో, మొగుడున్న ఊళ్లో!

నా పేరు ఓ-టో-రై-నో-లా-రిం-గా-ల-జీ. చూసి బెదిరిపోకండి. చెరకుగడలా కణుపు దగ్గర విరుచుకుని నమలండి. ఓటో అంటే చెవి, రైనో అంటే ముక్కు, లారింగ్ అంటే గొంతు, చివరి తోక అంటే శాస్త్రం. నా పుట్టిల్లు గ్రీకు భాష. పక్కపక్క వాటాల్లో కాపురమున్న ఆ ముగ్గురినీ ఎవరో పండితులు ఒకే పేరు కింద కట్టేశారు. అప్పట్నుంచి లావుపాటి పుస్తకాల్లో, ఆసుపత్రి బోర్డుల మీద తిరుగుతూనే ఉన్నాను. డాక్టర్లు నోరు నొప్పెట్టి ఈఎన్‌టీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. రోగులు 'చెవి డాక్టరు'తో సరిపెట్టారు. మనుషులు పేర్లు ఘనంగానే పెడతారు, పిలవడానికే బద్ధకం.

అలేఖ్య గంతు అంతలోనే ఆగింది. ఇది ఆషాఢం. కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదు. చేరాల్సిందేమో రేపే. ఆ ఊరు వెళ్లి కూడా మొగుడు ఫణీంద్రను చూడకుండా ఉండాలా? దిగులుగా అత్తగారికి ఫోన్ చేసింది.

"సీటొచ్చింది అత్తయ్యా. కానీ ఆషాఢం కదండీ..."

"అయితే ఏంటమ్మా? మనిద్దరం ఒక్క గడప దాటకూడదన్నారు గానీ కాలేజీ గేటు దగ్గర కలవద్దన్నారా? శ్రావణం దాకా హాస్టల్లో ఉందువుగాని. రేపు పులిహోర కలిపి తెస్తాను."

ఆడపడుచు మంజరి ఫోన్ లాక్కుంది. "వదినా, గృహప్రవేశం నాడు గడప దగ్గర నీ పేరు చెప్పడానికి మా అన్నయ్య ఎంత సిగ్గుపడ్డాడో గుర్తుందా? రేపు నీ సీటు పేరు మొత్తం చెప్పాలి. ఈఎన్‌టీ అంటే ఒప్పుకోను. చెప్పకపోతే నిన్ను చూడనివ్వను!"

"అదెంతసేపే!" అన్నాడు వెనకనుంచి ఫణీంద్ర. "ఓటో... రైనో... లారీ..."

"లారీ ఎక్కి ఎక్కడికి పోతావురా అన్నయ్యా!"

తునిలో అలేఖ్య కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

ఇన్నాళ్లూ నన్ను పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లనే చూశాను. పెళ్లాన్ని చూడటం కోసం వల్లె వేస్తున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

రేపు తొమ్మిదింటికి అందరూ గేటు దగ్గర కలుస్తారు. ఎదురుగా బోర్డు మీద నేనుంటాను. అతను తడబడితే, మంజరి చూడకుండా అందిస్తాను.