ప్రణవ్ కంటే ముందు

చివరి ల్యాప్‌లో, మూడో మలుపు దగ్గర, బ్రేక్ పెడల్ ఛాయ కాలి కింద మెత్తగా లోపలికి దిగిపోయింది.

గంటకు నూట నలభై వేగం. ఎదురుగా టైర్ల గోడ. ఆమె పెడల్‌ను టపటపా రెండుసార్లు తొక్కి, గేరు తగ్గించి, కారును గడ్డి అంచు మీదుగా లాక్కొచ్చింది. అంత జరిగినా, పొద్దున ప్రణవ్ తీసుకున్న టైము కంటే ముప్పావు సెకను తక్కువలోనే ముగించింది.

కుమ్హారి ఊరు దాటాక ఉన్న ఆ రేసు ట్రాక్‌లో ఆ రోజు డ్రైవరు సెలెక్షన్. టీముకు ఒక్కటే కారు, ఒక్కటే సీటు. పోటీలో ఇద్దరు. గెలిచినవాళ్లు సీజనంతా ఊరూరా రేసుల్లో దిగుతారు. ఛాయకు ఇరవై నాలుగేళ్లు. వయసు దాటిందని వచ్చే ఏడాది ఆమెను ఇలా పిలిచేవాళ్లు ఉండరు.

అదే కారులో తరవాతి వంతు ప్రణవ్‌ది. ఛాయ నోరు మూసుకుని దిగిపోతే సరిపోయేది. కానీ ఆమె తండ్రి శంకరరావు ముప్పై ఏళ్లు ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపాడు. షిఫ్టు మారేటప్పుడు, దిగేవాడు ఎక్కేవాడికి యంత్రం సంగతంతా చెప్పాకే మెట్లు దిగాలి. ఎక్కేవాడు పగవాడైనా సరే. ప్లాంటు పనివాళ్ల బస్తీ క్యాంప్ 1లోని రెండు గదుల ఇంట్లో ఛాయ అన్నంతోపాటు వింటూ పెరిగిన మాట అది.

“మత్ బైఠ్, ఎక్కకు ప్రణవ్. బ్రేక్ దిగిపోతంది,” అంది.

మూడో మలుపు ఎక్కడ తిప్పితే కారు జారదో కూడా చెప్పింది. పక్కనున్న టీమ్ మేనేజర్ శరత్, భయపడ్డావా అని నవ్వాడు. మెకానిక్ చక్రం విప్పితే బ్రేక్ ఆయిల్ పైపు చిట్లి కారుతోంది. నవ్వు ఆగింది.

పైపు మార్చారు. ప్రణవ్ ఆమె చెప్పినచోటే తిప్పాడు. టైము మెరుగుపడింది. అయినా ఆమె కంటే అర సెకను వెనకే.

పది నిమిషాల తరవాత శరత్ ప్రణవ్ పేరు చదివాడు.

కూతురితో వచ్చిన శంకరరావు టైముల కాగితం పట్టుకుని ముందుకొచ్చాడు. ప్లాంటులో ప్రమోషన్‌కు ట్రేడ్ టెస్టు పెడితే నెగ్గినవాడి పేరే నోటీసు బోర్డు మీద ఉండేది. ఇక్కడా అంతే అనుకున్నాడు.

“ఇదేటి బావూ, మా పిల్ల టైమే తక్కువుంది కదా?”

శరత్ అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. టైర్లు, లారీలు, ఎంట్రీ ఫీజులు అన్నీ కలిపి సీజనుకు తొంభై లక్షలు అవుతుందన్నాడు. ఆ మొత్తం ప్రణవ్ నాన్న రామమోహనరావుగారి ఇనుప కడ్డీల కంపెనీ ఇస్తోందట. చెక్కు పోయిన నెలలోనే వచ్చిందట.

“మరి టెస్టెందుకు?”

“కొడుకు పోటీలో నెగ్గాడని పేపర్లో వేయాలి కదండీ. ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి.”

ఛాయ వింటూనే ఉంది. తల ఎత్తుకునే నిలబడింది.

అప్పుడు రామమోహనరావు వచ్చాడు. ఒకప్పుడు ప్లాంటులో ఆఫీసరు. ఆయన్ని చూడగానే శంకరరావు అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. బ్రేక్ సంగతి ఆయనకు తెలిసింది. ఛాయను మెచ్చుకున్నాడు.

“ఈ అమ్మాయిని వదలకు శరత్. ప్రతి రేసుకీ ముందు కారు ఈమే నడపాలి. ఏదైనా తేడా ఉంటే ఈమె చేతిలో ఉండగానే బయటపడుతుంది. ఆ తరవాతే మావాడు ఎక్కుతాడు. నెలకు పాతిక వేలివ్వు.”

“మరి రేసు?” అంది ఛాయ.

“రేసు ప్రణవ్‌దే కదమ్మా.”

ఆమె ఆ కాగితం ఆయన ముఖాన విసిరికొట్టమన్నట్టు తండ్రివైపు చూసింది. శంకరరావు ఆ టైముల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“పర్మనెంటేనా సార్?” అని అడిగాడు.

రామమోహనరావు నవ్వి, చూద్దాంలే అన్నాడు. సోమవారం ఆరింటికల్లా రావాలన్నాడు శరత్. పంపిస్తానని శంకరరావే మాటిచ్చాడు.

ఛాయ తల అప్పుడు వాలింది.