బ్యాంకు కాని కంపెనీ

కోరుట్ల బస్టాండు ఎదుట భాగ్య మిర్చి బండి నడుపుతుంది. గిరాకీలంతా ఫోన్లతోనే కట్టేవారు. ఆ డబ్బు ఒక పేమెంటు కంపెనీ వాలెట్‌లో చేరేది. నూనెకూ శనగపిండికీ ఆమె అందులోంచే కట్టేది. ఒకరోజు పొద్దున వాలెట్‌కు తాళం పడింది. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అన్న ముక్క తప్ప వేరే కారణం లేదు.

భాగ్య తన బ్యాంకుకు వెళ్లింది. మేనేజర్ పద్మజ ఫోన్ తీసుకుని చూసింది.

"ఇది మా చేతుల లేదమ్మా. కంపెనీ వాళ్లనే అడగాలె."

"ఆళ్ల ఆఫీసు ఏడుంటది మేడం?"

"అది నాకు గూడ తెల్వది."

కంపెనీకి ఫోన్ చేస్తే పాట వచ్చింది. చాట్‌లో అడిగితే, 'మేము బ్యాంకు కాము, సాంకేతిక సేవలు మాత్రమే అందిస్తాం' అని జవాబు వచ్చింది. రాయికల్‌లో ఉన్న అక్క లచ్చవ్వ దగ్గర చేబదులు తెచ్చి భాగ్య బండి నడిపింది.

అంతలో కంపెనీ నుంచే ఒక మనిషి ఫోన్ చేశాడు. జగిత్యాలలో చిరువ్యాపారుల సభ పెడుతున్నారట, ఆమెను సన్మానిస్తారట. మనిషైతే దొరికాడనుకుని భాగ్య బస్సెక్కింది.

వేదిక మీద కంపెనీ అధికారి అఖిల్ ఆమెకు శాలువా కప్పాడు. "మాకూ బ్యాంకుల్లా నిబంధనలు పెట్టాలంటున్నారు. మాకు మీ నమ్మకమే నిబంధన. కావాలంటే భాగ్యమ్మను అడగండి" అని మైకు అందించాడు.

భాగ్య మైకు అందుకుంది. "నమ్మకముండబట్టే పైసలన్ని మీ దాంట్ల పెట్టిన సారూ. తాళమేసిండ్రు. బ్యాంకైతె పోయి మేనేజర్ ముంగట కూసుంట. మీరు ఏడుంటరో తెల్వదాయె. గిప్పుడు దొరికిండ్రు, జెర తాళం తీయుండ్రి."

జనం చప్పట్లు కొట్టారు. అఖిల్ కూడా కొట్టాడు. కిందికి దిగాక ఆమెను పక్కకు పిలిచాడు.

"నేను ప్రచారం పని చూస్తనమ్మా. ఖాతాలు చూసేది మిషిను. ఒకసారి నాది గూడ ఆపింది."

"మరి మీరేం జేసిండ్రు?"

"అప్పటిసంది జీతం బ్యాంకులనే ఏపించుకుంటున్న."

బస్సులో ఉండగా ఫోన్ మోగింది. సన్మానపు బహుమతి వాలెట్‌లో జమైందట. పరిశీలన పూర్తయ్యాక వాడుకోవచ్చట.

కొన్నాళ్లకు తాళం దానంతటదే తెరుచుకుంది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. భాగ్య డబ్బంతా బ్యాంకుకు మార్చి, లచ్చవ్వకు ఇవ్వడానికి కొంత తీయబోయింది. పద్మజ స్లిప్పు వెనక్కి ఇచ్చింది.

"సంతకం కలుస్తలేదమ్మా. మళ్ల పెట్టు."

భాగ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నిసార్లయిన పెడత మేడం. మీరు కండ్లకు కనబడుతున్నరు."