కుడిపక్క జాగా

హుజూర్‌నగర్ బస్టాండు ఎదురుగా హమీద్ నడిపే టైపు ఇనిస్టిట్యూట్ తొంభై తొమ్మిది ఎండాకాలానికల్లా కంప్యూటర్ సెంటరైపోయింది. మారిందల్లా బోర్డే. బల్లలు అవే, ఫ్యాను అదే, దాని కిరకిర అదే. కాకపోతే మూలగదికి ఏసీ బిగించి, చెప్పులు బయటనే విడవాలని తలుపు మీద కాగితం అతికించాడు. మనుషులకు దొరకని చల్లదనం మిషన్లకు దొరికింది. ఆ చలవలో పొద్దంతా కూర్చునే అదృష్టం సైదులుది.

సైదులుది మేళ్లచెరువు పక్కన గొల్లకుంట. డిగ్రీ నడుమల వదిలేసి, హైదరాబాదులో నాలుగు నెలలుండి, వెబ్ పేజీలు కట్టడం నేర్చుకొని వచ్చాడు. వాళ్ల ఊరి పొలిమేరలోని సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లకు ఇంటర్నెట్టులో తమకూ ఒక పేజీ ఉండాలని ముచ్చట పుట్టింది. ఆ పని హమీద్ పట్టుకొచ్చి సైదులు చేతిలో పెట్టాడు. ఇది బాగా కుదిరితే హైదరాబాదు ఆఫీసులోనే కొలువిస్తామని మేనేజరు మాటిచ్చాడు కూడా.

ఫ్లాపీలో మూడు ఫోటోలు వచ్చాయి. ఒకటి గేటు, ఒకటి పొగగొట్టం. మూడోది ఎనభై ఆరులో కొలిమి మొదటిసారి రాజేసిన నాటిది. సున్నమేసిన గోడ ముందు పెద్దమనుషులు మెడలో దండలతో వరసగా నిలబడి ఉన్నారు. మిట్టమధ్యాహ్నం తీసినట్టుంది, గోడ తెల్లగా మెరిసిపోయి కంటికి గోడలాగే లేదు. ఈ ఫోటో మాత్రం పేజీకి సరిగ్గా నడిమధ్యన ఉండాలని మేనేజరు మరీమరీ చెప్పాడు.

అదేమంత పని? స్టైల్ షీటు అని కొత్తగా వచ్చిందొకటి ఉంది. ఏ బొమ్మ ఎక్కడ నిలబడాలి, పక్కన ఎంత ఎడం వదలాలి, అక్షరాలు దాన్ని ఎట్లా చుట్టుకొని పోవాలి అనేదంతా ఒకచోట రాసిపెడితే పేజీ మొత్తం ఆ మాట వింటుంది. సైదులు రాశాడు. గేటు నడిమధ్యకు వచ్చి కూర్చుంది. పొగగొట్టం దాని కింద బుద్ధిగా నిలబడింది. పెద్దమనుషులు మాత్రం ఎడమకు జరిగి నిలబడ్డారు.

రాతలో తప్పుందేమోనని మళ్లీ చూసుకున్నాడు. మూడు బొమ్మలకూ ఒకటే మాట రాసి ఉంది. ఎడమ, కుడి మార్జిన్లు బ్రౌజరుకే వదిలేసి చూశాడు. టేబులు గీసి నడిమి గడిలో పెట్టి చూశాడు. విసుగొచ్చి చెక్క స్కేలు తెచ్చి మానిటరు అద్దం మీద పెట్టి కొలిచాడు. కుడిపక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఎక్కువుంది.

పోనీ నడిమధ్య మాట పక్కకు పెడదామని, ఫోటోను ఎడమకు జరిపి, ఫ్యాక్టరీ చరిత్ర అక్షరాలను దాని కుడిపక్కన పారించాడు. అక్షరాలు పెద్దమనుషుల దాకా రాలేదు. ఆ చివర నిలబడ్డాయన భుజానికి ఇవతల కొంత తెల్లజాగా వదిలేసి, అక్కడి నుంచి మొదలయ్యాయి. తోవలో ఎవరో నిలబడి ఉంటే జనం చుట్టు తిరిగి పోయినట్టు పోయాయి. అక్కడ ఎవరూ లేరు. సైదులుకు ఆ గది చలి మొదటిసారి చలిగా తగిలింది.

చాయ్ పట్టుకొని వచ్చిన హమీద్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అరే సైదులూ, ఎవరికి జాగా ఇస్తున్నవు? కుర్చీ గోడకు గుంజుకొని గింత ఇరుకున కూసున్నవేంది?"

సైదులు చూసుకున్నాడు. నిజమే. కుర్చీ ఎప్పుడు జరిపాడో అతనికే తెలియదు. కుడిపక్కన ఇంకో కుర్చీ పట్టేంత ఖాళీ ఉంది.

"గీ ఫోటో నడుమకు వస్తలేదన్నా. దీనికి దయ్యం పట్టినట్టుంది."

"దయ్యం లేదు, గియ్యం లేదు. చుట్టూ గీత కొట్టి చూడు. బొమ్మ యాడిదాక ఉందో ఎర్కైతది," అని హమీద్ చాయ్ అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

గీత కొట్టాడు. తీరా చూస్తే ఫోటో నడిమధ్యనే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. గీత లోపల పెద్దమనుషులే ఎడమకు నిలబడి ఉన్నారు. వాళ్ల కుడిపక్కన ఉత్త గోడ. పేజీ తెలుపూ గోడ తెలుపూ కలిసిపోయి ఇంతసేపూ ఆట పట్టించాయన్నమాట. సైదులుకు నవ్వొచ్చింది. అయినా ఫోటో తీసినవాడు ఎవరి కోసం అంత గోడ వదిలాడో అర్థం కాలేదు. ఆ పక్క ముక్క కోసి పారేస్తే పని అయిపోతుంది.

కోసే ముందు ఇంకో పని మిగిలి ఉంది. పేజీ తెల్లగా కాదు, ఫ్యాక్టరీ బస్తాల మీది ఆకుపచ్చ రంగులో ఉండాలన్నాడు మేనేజరు. అయితే ఫోటోలోని తెల్లగోడను మాయం చేయాలి. అప్పుడు పెద్దమనుషులు నేరుగా ఆకుపచ్చ మీద నిలబడ్డట్టు అందంగా ఉంటుంది. గోడ మీద ఒక్క నొక్కు నొక్కాడు. గోడ పోయింది. దాని చోట ఆకుపచ్చ వచ్చింది.

కుడిపక్కన ఒక మనిషి మాత్రం తెల్లగా మిగిలిపోయాడు.

కళ్లు లేవు, ముక్కు లేదు, బట్ట లేదు. ఉత్త తెలుపు. ఎవరో కుంచెతో తెల్లరంగు పూసి ఆ మనిషిని తుడిచేశారు. గోడ సున్నమూ ఆ రంగూ కంటికి ఒకటే అయినా మిషను కంటికి వేరు. పదమూడేళ్లుగా గోడలో కలిసిపోయి నిలబడ్డవాడు, గోడ తీసేయగానే బయటపడ్డాడు. ఒంటికాలి మీద ఉన్నాడు. రెండో పాదం మోకాలికి ఆనించి ఉంది. చేతిలో మనిషెత్తు కట్టె, భుజం మీద గొంగడి ముడత. గొర్లు కాసేవాడు మందను చూస్తూ నిలబడే తీరది. తలకాయ కొంచెం పక్కకు వాల్చి, సైదులునే చూస్తున్నట్టున్నాడు.

సైదులు మౌసు వదిలేసి అద్దానికి దగ్గరగా వంగాడు.

అతనికి బాపు మొహం గుర్తులేదు. ఇంట్లో ఫోటో లేదు. తాత పటం ఉంది, దానికి కుంకుమ బొట్టుంది, ఎండిన దండ ఉంది. బాపు పేరు పర్వతాలు, గొర్లు కాసినవాడు. మేసే భూమంతా సున్నపురాయి గనికి పోయాక మందను అమ్మి అదే ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. కొలిమి రాజేసిన ఏడాదే ఒకనాడు పనికని పోయి మళ్లీ రాలేదు. అమ్మ గుర్వమ్మ గేటు దగ్గరికి పోయి అడిగితే, ఆ పేరుగల మనిషి మా దగ్గర ఎన్నడూ పనే చేయలేదన్నారు. ఊరికి ఆ ముక్క చాలు. అచ్చంపేట దిక్కు నుంచి రాయి కొట్టడానికి వచ్చిన గుంపులో ఒక ఆడమనిషి కూడా ఆ రోజుల్లోనే కనిపించకుండా పోయిందన్నారు. ఇద్దరినీ కలిపి ఒక కాపురం పెట్టించి, పిల్లలను కూడా పుట్టించారు. నోళ్లకు ఖర్చేముంది?

బడిలో పోరగాళ్లు 'లేచిపోయినోని కొడుకు' అని పిలిచేవాళ్లు. సైదులు కొట్లాడినంత కాలం కొట్లాడి, తర్వాత నమ్మడం మొదలుపెట్టాడు. బాపు అనడం మానేసి 'వాడు' అనేవాడు. గుర్వమ్మ మాత్రం నమ్మలేదు. రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకొని, చేతి నిండా గాజులేసుకొని తిరిగేది. ఎవరైనా ఇంకెందుకా బొట్టు అంటే, "ఎవడు సచ్చిండని తియ్యాలె?" అని మీదికి పోయేది. సైదులు ఏ గుంజకో ఆనుకొని ఆలోచన లేకుండా పాదం మోకాలికి ఆనిస్తే, "ఒంటికాలి మీద నిలబడుడు బంజెయ్యిరా, అచ్చం నీ బాపువే," అని తిట్టేది. ఆ తిట్టులో అంత మురిపెం ఎందుకుంటుందో సైదులుకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడు ఆ నిలబడే తీరు అతని కళ్ల ముందే ఉంది. వాడు ఫ్యాక్టరీలో పని చేశాడు. దండలేసుకున్న దొరల పక్కన నిలబడ్డాడు. పని చేయనేలేదని చెప్పినవాళ్లే వాణ్ని తుడిచేశారు. ఎందుకు తుడిచారో ఆలోచించాడు సైదులు. రాయిని పిండి చేసే మిషను, దాని నోరు, ఊరిమీద పడే తెల్ల దుమ్ము అతనికి కొత్తవి కావు. చిన్నప్పుడు ఆ దుమ్ములో బొమ్మలు గీసుకొని ఆడుకున్నాడు. వాడు ఆ మిషను నోట్లో పడి ఆ దుమ్ములోనే కలిసిపోయాడేమో.

చేయాల్సింది రెండే. అమ్మకు చూపించాలి, లేదా కోసేయాలి. చూపిస్తే బాపు మీది నింద పోతుంది, దానితోపాటు అమ్మ బొట్టూ పోతుంది. పదమూడేళ్లు అందరితో కొట్లాడి నిలబెట్టుకున్న మొగణ్ని కొడుకే చంపినట్టవుతుంది. కోసేస్తే ఫోటో చక్కగా నడుమకు వస్తుంది. అమ్మ ఎదురుచూస్తూనే ఉంటుంది. హైదరాబాదు కొలువూ వస్తుంది. ఎదురుచూసేవాళ్లకు ఆశన్నా ఉంటుంది కదా అనుకున్నాడు. అనుకొని, తెల్లమనిషి చుట్టూ కోత గీత గీశాడు.

"ఉండు."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. గుర్వమ్మ వారపు అంగడికి వచ్చినప్పుడల్లా కొడుక్కు సద్ది తెస్తుంది. ఇవాళ అంగడన్న సంగతే సైదులు మరిచిపోయాడు. చెప్పులు బయట విడిచి, సద్ది గిన్నె చేతిలో పట్టుకొని, ఎప్పటి నుంచి నిలబడి ఉందో.

"అమ్మా, ఇది ఏం లేదే, పాత ఫోటో..."

"నాకు చెప్తున్నవా?" అంది. గిన్నె బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. "పెండ్లినాడు గూడ గట్లనే నిలబడ్డడు. మా అవ్వ తిట్టింది. గా గొంగడి నేనే మడతపెట్టి ఏసిన, ఫోటో తీస్తరటనే అని వొచ్చి చెప్తె. సారోళ్లు ముచ్చటపడి కట్టెతోని సహా నిలబడుమన్నరంట."

"ఎవరో ఏమోనమ్మా, మొహమే లేకపాయె..."

"సైదులూ, పారిపోయినోన్ని ఎవరన్న తుడుస్తరా?" గుర్వమ్మ గొంతు పెంచలేదు. "నిజంగనే పారిపోతె ఫోటో నా ముంగటేసి, గిదిగో నీ మొగడు, యాడున్నడో దేవులాడుకో అందురు. మనిషిని దాసినోళ్లే బొమ్మను దాస్తరు."

ఇన్నేళ్లూ 'వాడు' అన్నవాడు అద్దంలోంచి తల వాల్చి చూస్తుంటే సైదులు తల ఎత్తలేకపోయాడు. "బాపూ" అన్నాడు. బొంగురుగా వచ్చింది. సిగ్గూ దుఃఖమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

గుర్వమ్మ కుడిచేయి అద్దం దాకా చాపింది. అద్దానికి ఆనక ముందే ఆమె ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ మానిటర్లకు ఆ గుణం ఉందని సైదులుకు తెలుసు, రోజూ చూసేదే.

"పట్టుకుంటున్నడురా," అంది గుర్వమ్మ.

తర్వాత బొటనవేలితో నుదుటి మీది కుంకుమంతా తీసింది. దాన్ని తెచ్చి, తెల్లమనిషికి నుదురు ఉండాల్సిన చోట, అద్దం మీద బొట్టు పెట్టింది. ఇంట్లో తాత పటానికి పెట్టినట్టే, అంతే నిదానంగా పెట్టింది.

సైదులు కోత గీత తీసేశాడు. ఆ మనిషితో కలిపి చూస్తే ఫోటో సరిగ్గా నడిమధ్యనే ఉంది. కొలువూ పేజీతోనే పోతే పోనీ అనుకున్నాడు. హమీద్ గుమ్మంలోకి వచ్చి ఏదో అడగబోయి, ఆమె నుదురు చూసి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికేశాడు.

సాయంత్రం బస్సు అంగడి జనంతో కిటకిటలాడుతోంది. మేకపిల్లలు, ఉల్లిగడ్డ బస్తాలు, పసిపిల్లల ఏడుపులు. గుర్వమ్మకు సీటు దొరికింది. సైదులు పక్కనే కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. ముందు సీట్లోని బక్కమ్మది వాళ్ల ఊరే. వెనక్కి తిరిగి పలకరించబోయి, బోసినుదురు చూసి గతుక్కుమంది.

"ఏందొదినా, ఎవరు పోయిండ్రు?"

"మీ అన్న."

"అయ్యో! ఎప్పుడు?"

"ఇయ్యాలనే," అంది గుర్వమ్మ.

బస్సు మేళ్లచెరువు దాటింది. పొగగొట్టం కనిపించింది. నిలబడ్డ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, చంకలో పిల్లలున్న ఆడవాళ్లు కూడా. గుర్వమ్మ కిటికీ వైపు ఎడమకు ఒదిగి కూర్చుంది. ఆమె కుడిపక్కన సీటు ఖాళీగా ఉంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దాన్ని చూసి పక్కకు జరుగుతున్నారు. ఆమె ఎవరినీ వద్దనలేదు. ఊరొచ్చేదాకా ఆ జాగాలో ఎవరూ కూర్చోలేదు, సైదులు కూడా.