పద్నాలుగో నంబరు

రాజ్యాంగంలో ఏం మార్చాలో జనం వచ్చి చెప్పుకునే సభలో నేను స్టెనోని. ఎవరేమన్నా పొల్లుపోకుండా రాయాలి, నా నోరు మాత్రం విప్పకూడదు. నాలాంటి నోటిదురుసు మనిషికి ఇంతకంటే శిక్ష లేదని మా అటెండరు వేళాకోళం.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గంట కొడితే ఆపాలి. ఆ తర్వాత, అదే కష్టం పడ్డవాళ్లలో ఇంకొకరు లేచి బలపరచాలి. లేకపోతే ప్రతిపాదన పుస్తకానికెక్కదు. ఈ నిబంధన పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, సగం కాగితాలు అక్కడే రాలిపోయేవి.

సభ జరిగేది మా ఆఫీసులోనే. ఇది ఒకప్పుడు బడి. ఆరు నెలలకని ప్రభుత్వం తీసుకుంది, ఇరవై ఆరేళ్లయింది. నా కుర్చీ వెనక గోడకి ఎన్నిసార్లు సున్నం వేయించినా, నాలుగు వానలు పడేసరికి నల్లబల్ల ఆకారం పైకి తేలుతుంది. "మేడమ్, లెక్కలు చెయ్యమంటోంది" అంటాడు అటెండరు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం కుర్చీ తిప్పుకుని ఆ గోడకి ఎదురుగా కూర్చుంటాను. వెనక నుంచి ఎవరో నా హాజరు నంబరు పిలుస్తారని భయం. నేను ఈ బడిలోనే చదివానని ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు.

ఆఖరి సభ రోజు మధ్యాహ్నం, ఆ బడిలో మాకు పాఠాలు చెప్పిన మాస్టారు వచ్చారు. ఆయనకి ఎడమచెయ్యి లేదు. ఖాళీ చొక్కా చేతిని పైకి మడిచి పిన్నీసు పెట్టుకుంటారు. ఇదివరకు మూడు సభలకొచ్చి, బలపరిచే దిక్కులేక వెళ్లిపోయారు. మూడుసార్లూ నేను తలొంచుకుని రాసుకుంటూనే ఉన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదనే నా ధైర్యం.

"తల్లిదండ్రులు ఒప్పుకోకుండా బడిగదిని ఏ సర్కారూ, ఏ అవసరానికీ తీసుకోకూడదండీ. ఆ అధికారం సర్కారుకి లేదని రాజ్యాంగంలో రాయాలి. అంతే నేను అడిగేది," అన్నారు.

అధ్యక్షుడు రిటైరైన జడ్జి, మంచివాడే. "బలపరిచేవాళ్లున్నారా మాస్టారూ? ఇవాళ కాకపోతే ఇక లేదు మరి."

"ఇంకా రెండున్నర నిమిషాలున్నాయి కదండీ. పిలిచి చూస్తాను."

సంచిలోంచి అట్ట ఊడిన హాజరుపట్టీ తీసి బల్లమీద పరిచారు.

"ఒకటి," అన్నారు.

హాల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"రెండు... మూడు..."

నంబరు నంబరుకీ మధ్య ఒక పిల్ల లేచి పలికేంత సేపు ఆగుతున్నారు. బడి తీసుకున్నాక మమ్మల్ని కాలవ అవతల ఒక పాత గోదాముకి తోలారు. వానలకి నానిన గోడ ఒకరోజు పాఠం మధ్యలో కూలింది. పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్లు పెద్దవాళ్లయి ఈ ఊళ్లోనే ఉన్నారు. సర్కారుతో తగువెందుకని ఎవరూ రారు. వాళ్లని అనడానికి నాకు నోరెక్కడిది? నేను ఆ సర్కారు ఉద్యోగం, ఆ బడిలోనే కూర్చుని చేస్తున్నాను.

"తొమ్మిది... పది..."

నా కలం ఆగిపోయింది. పద్నాలుగు నేను. పదిహేను మా చెల్లి. ఏడాది చిన్నదైనా ఇద్దరిదీ ఒకే తరగతి. గోడ కూలిన రోజు నాకు కడుపునొప్పి. అంటే, కడుపునొప్పని అమ్మకి చెప్పాను. "నా హాజరు కూడా నువ్వే పలికెయ్యవే" అని చెల్లిని బతిమాలాను. అది పలికింది. పట్టీలో ఉండి కనబడని పిల్ల కోసం మాస్టారు మళ్లీ లోపలికెళ్లారని, అప్పుడే దూలం మీదపడి చెయ్యి పోయిందని ఊరంతా చెప్పుకుంది. బడికే రాని నా కోసం ఆయన చెయ్యి పోయింది. ఇప్పటికీ నా ఎడమచెయ్యి చూసుకుంటే నాకు అసహ్యం వేస్తుంది. అమ్మ పోయేదాకా మా ఇద్దరి పేర్లూ కలిపే పిలిచేది. నేనొక్కదాన్నే వెళ్లి ఎదురుగా నిలబడేదాన్ని.

"పదమూడు."

అధ్యక్షుడు గంట మీద చెయ్యి వేశారు.

"పద్నాలుగు."

మాస్టారు నావైపు చూడలేదు. కుర్చీ కిర్రుమన్నాకే నేను లేచానని నాకు తెలిసింది.

"ప్రెజెంట్ సార్."

"మేడమ్, మీరు మాట్లాడకూడదు!" అన్నాడు అటెండరు గుసగుసగా.

"నేను ఈ బడి పిల్లనండీ," అన్నాను అధ్యక్షుడితో. "మాస్టారి ప్రతిపాదన బలపరుస్తున్నాను. రాసుకోండి."

"ఉద్యోగానికే ముప్పు రావచ్చమ్మా."

"రానివ్వండి."

అధ్యక్షుడు కలం తీసి తనే రాసుకున్నారు. నేను మాస్టారి వైపు తిరిగాను.

"సార్, ఆ రోజు నేను రాలేదు. నా బదులు చెల్లి పలికింది. మీరు నా కోసమని లోపలికెళ్లి..."

మాస్టారు అప్పుడు తలెత్తారు.

"నువ్వు రాలేదని తెలుసమ్మా. ఆ మాత్రం గొంతులు పోల్చుకోలేనా? తిడితే మర్నాడు ఇద్దరూ ఎగ్గొడతారని ఊరుకున్నాను." పట్టీ మీద అరచెయ్యి ఆనించారు. "పొద్దున రెండుసార్లు పలికిన గొంతే, గోడ పడ్డాక లోపల్నుంచి మళ్లీ వినపడింది. అందుకే వెళ్లాను."

అంటే అది అప్పటికింకా బతికే ఉంది. పిలుస్తూ ఉంది.

మాస్టారు పద్నాలుగు ఎదురుగా గీత పెట్టి, వేలు కిందికి జరిపారు.

"పదిహేను."

అధ్యక్షుడు గంట కొట్టలేదు. నేనింకా నిలబడే ఉన్నాను. దాని బదులు పలుకుదామని నోరు తెరిచాను.

మాస్టారు వద్దన్నట్టు చెయ్యెత్తారు.

"నువ్వు కూర్చోమ్మా," అన్నారు. "దాన్ని పలకనీ."