ఎలుగుబంటి పెళ్ళికొడుకు అలక

పెళ్ళి పాటలు పాడి పాడి, సరిగ్గా పెళ్ళినాటి పొద్దున్నకి తాయారమ్మ గొంతు పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఇక ఇంట్లో మిగిలిన పెద్దమనిషి ఆమె మొగుడు దానయ్య. ఆయన గొంతు లక్షణంగా ఉంది గాని దాన్ని వాడే అలవాటు ఆయనకి లేదు. ఉద్యోగమంతా రైలు వ్యాగన్లు బాగుచేసే షాపులో, సుత్తి మోతల మధ్య గడిచింది. అరిచినా వినబడని చోట మాట్లాడ్డం దండగని వయసులో ఉండగానే మానేశాడు. రిటైరయ్యాక మళ్ళీ మొదలెట్టే అవసరం తాయారమ్మ కలగనివ్వలేదు.

పెళ్ళి మనుషులది కాదు, బొమ్మలది. మనవరాలు ఫణిశ్రీ ఇంటర్నేషనల్ స్కూల్లో రెండో తరగతి. అక్కడ శుక్రవారం శుక్రవారం ఎవరో ఒక పిల్ల తాతో అమ్మమ్మో వచ్చి క్లాసు చేత ఏదో ఒకటి చేయించాలి. పాఠం చెబితే కుదరదు, చేయించాల్సిందే. అక్కడి చదువు అలాంటిది. పోయినవారం హన్నా వాళ్ళ అమ్మమ్మ, ఒకప్పటి నర్సు, పిల్లలందరి చేత ఒకరి చేతికొకరు కట్లు కట్టించింది. ఈ వారం వంతు ఫణిశ్రీది. మా నాయనమ్మ నిజం పెళ్ళి చేయిస్తుంది, తలంబ్రాలు కూడా పోయిస్తుంది అని ఆ పిల్ల క్లాసంతా టముకు వేసేసింది.

"ఇప్పుడు పెళ్ళి లేదంటే అందరూ నన్ను గప్పీ అంటారు తాతా!" అంటూ గుమ్మంలో చతికిలబడింది. గప్పీ అంటే అక్కడి పిల్లల భాషలో కోతలరాయుడు. "పృథ్వీ అయితే బస్సులో కూడా అంటాడు. రోజూ అంటాడు. నేనింక స్కూలుకే వెళ్ళను."

తాయారమ్మ చేత్తో దానయ్యని చూపించింది. అదే చేత్తో గుమ్మం చూపించింది.

"నానేటి?" అన్నాడు దానయ్య. ఆ రోజుకి అదే మొదటి మాట.

రాయపూర్ గుఢియారీలో ఎక్కిన ఆటో భన్‌పురి లారీల మధ్య ఈదుతూ పోతోంది. దానయ్య ఒళ్ళో ఒక పక్క పట్టుపేలిక చుట్టిన కొయ్య పెళ్ళికూతురు, ఇంకో పక్క పళ్ళెంలో పసుపు బియ్యం మూట.

"తాతా, అక్కడ నువ్వు మాట్లాడాలి, మాలూమ్?"

"ఊఁ."

"ఊఁ అంటే సరిపోదు."

"ఊఁహూఁ."

ఫణిశ్రీ నుదురు కొట్టుకుంది.

క్లాసులో బల్లలు లేవు, నేలంతా చాపలే. రంగు కాగితాలతో పందిరి వేసి ఉంది. శిల్ప టీచరు మన తెలుగువాళ్ళ పిల్లే, కాకినాడ వైపు మనిషి. "రండి తాతగారూ, మీరెలా చెబితే అలా చేస్తారు మా పిల్లలు," అంది ఎంతో నమ్మకంగా. సగం మంది ఆడపెళ్ళివారు, సగం మంది మగపెళ్ళివారు. పెళ్ళికొడుకు పృథ్వీ వాళ్ళింటి ఎలుగుబంటి బొమ్మ. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దర్జాగా ఉన్నాడు.

పిల్లలు దానయ్యని చూశారు. దానయ్య పిల్లల్ని చూశాడు. కాసేపు ఇదే పెళ్ళి.

ఎవరో కిసుక్కుమన్నారు. పృథ్వీ పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. అది 'గప్పీ' అని ఫణిశ్రీకి తెలిసిపోయింది, కింది పెదవి వణికింది. ఆ పెదవి చూసి దానయ్యకి చెమట పట్టింది. పెళ్ళంటే ఏమిటో గబగబా గుర్తుచేసుకున్నాడు. తన పెళ్ళిలో తను ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే, అల్లుడు అలిగాడనుకుని మామగారు కంగారుపడి కొత్త గొడుగు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయనకి గుర్తున్నది అదొక్కటే.

"ముందు పెళ్ళికొడుకు అలగాలి," అన్నాడు తనకొచ్చిన హిందీలో.

"అంటే ఏం చెయ్యాలి దాదాజీ?"

"గోడకేసి కూర్చోవాలి. పలకకూడదు. ఆడపెళ్ళివాళ్ళు ఏదైనా ఇచ్చి బతిమాలితే అప్పుడు లేవాలి."

దానయ్య చేసిన పొరపాటు అదే. పిల్లలకి అలగమని నేర్పకూడదు.

పృథ్వీ మొహం వెలిగిపోయింది. ఎలుగుబంటిని తీసుకెళ్ళి గోడకేసి కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు. ఆడపెళ్ళివారు రబ్బరు తెచ్చారు. "ఊఁహూఁ." పెన్సిలు చెక్కుడుమర తెచ్చారు. "ఊఁహూఁ." టిఫిను డబ్బాలోంచి సగం కొరికిన లడ్డూ తెచ్చారు. పృథ్వీ ఆ లడ్డూ తినేసి, "పెళ్ళికొడుక్కి ఏనుగు కావాలట," అన్నాడు.

హన్నా చకచకా ఏనుగు బొమ్మ గీసి తెచ్చింది.

"ఇది పంది."

"ఏనుగే!"

"తొండం ఉన్న పంది."

హన్నా కూడా అలిగి ఇంకో గోడకేసి తిరిగింది. ఆమె కోసం ఆడపెళ్ళివారంతా అలిగారు. వాళ్ళే అలిగితే మనమేం తక్కువని మగపెళ్ళివారంతా చాపల మీద బోర్లా పడుకున్నారు. శిల్ప టీచరు ఇటు నుంచి అటు బతిమాలుతూ తిరిగి, "నాకూ కోపమొస్తోంది," అంది. గంట కొట్టే వేళవుతోంది. పెళ్ళి మాత్రం మొదలవలేదు. ఫణిశ్రీ కళ్ళు నిండాయి.

దానయ్య లేచాడు. పెళ్ళికూతుర్నీ పసుపు బియ్యం పళ్ళేన్నీ తీసుకుని, ఖాళీగా ఉన్న మూడో గోడ దగ్గరికి పోయి, అటు తిరిగి కూర్చున్నాడు.

"ఏమైంది తాతా?"

"అలిగాను."

"నువ్వు ఆడపెళ్ళివాడివి! అలక్కూడదు!"

"పిల్లనియ్యను. తలంబ్రాలు ఇంటికి పట్టుకుపోతాను."

ఆ మాట చాపల మీద పడుకున్నవాళ్ళకి సూదిలా తగిలింది. పొద్దుట్నుంచీ అందరి కళ్ళూ ఆ పళ్ళెం మీదే ఉన్నాయి. ఒక్కొక్క తలే పైకి లేచింది. అయినా అలకలో ఓడిపోకూడదని కాసేపు బిగపట్టారు. పాపం, వాళ్ళు ఎవరితో పోటీకి దిగారో వాళ్ళకి తెలియదు. పలక్కుండా కూర్చోవడంలో దానయ్యని మించినవాడు ఆ రాయపూర్‌లోనే లేడు.

ముందు పృథ్వీ పాక్కుంటూ వచ్చాడు. "దాదాజీ, మేం మానేశాం."

పలకలేదు.

రబ్బరు ఇచ్చారు. పలకలేదు. చెక్కుడుమర ఇచ్చారు. పలకలేదు. ఆఖరికి హన్నా తన ఏనుగు బొమ్మ ఇచ్చింది. దానయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"పందే," అన్నాడు.

క్లాసు గొల్లుమంది. హన్నా కూడా నవ్వాపుకోలేక చాప మీద దొర్లింది.

"మరి ఏం కావాలి దాదాజీ?"

"బరాత్. పెళ్ళికొడుకుని ఎత్తుకుని ఆడండి."

ఇంకేముంది! ఎలుగుబంటి గాల్లోకి లేచింది. డబ్బాలు డోళ్ళయ్యాయి, శిల్ప టీచరు చెత్తబుట్ట బోర్లించి వాయించింది. ఆ మోతకి దానయ్య ఒళ్ళు పులకరించింది. సుత్తి మోతలప్పుడు కూడా ఇంత ఆనందంగా లేడు. ఇన్నేళ్ళూ మూతబడి ఉన్న గొంతు ఒక్కసారి తెరుచుకుంది.

"తెర పట్టండర్రా! ఒలే హన్నా, పెళ్ళికూతుర్ని కూకోబెట్టు! ముందు ఆడపెళ్ళోరు పొయ్యాల, ఆగండెహె, వరస, వరస!"

తెలుగులో అరుస్తున్నాడన్న సంగతి ఆయనకీ తెలియలేదు, పిల్లలకీ పట్టలేదు. వరస లేదు, తెర లేదు. దోసిళ్ళతో పసుపు బియ్యం ఎలుగుబంటి మీద, పెళ్ళికూతురి మీద, టీచరు మీద, తాత మీద! ఏమిటీ గోలని తలుపు తీసిన ప్రిన్సిపాల్ మేడం నెత్తిన కూడా ఒక దోసెడు పడింది. అందరూ కొయ్యబారిపోయారు. మేడం జుట్టు దులుపుకుంది, పళ్ళెంలోకి తొంగిచూసింది.

"నాకేం మిగల్చలేదా?" అంది.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. జుట్టు నిండా బియ్యంతో పృథ్వీ ఫణిశ్రీ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"మీ ఇంట్లో పెళ్ళి కావలసిన బొమ్మలు ఇంకా ఉన్నాయా?"

"ఓ, ఏడున్నాయి!" అంది ఫణిశ్రీ తడుముకోకుండా.

ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బొమ్మకీ ఇప్పుడే పెళ్ళయిపోయింది. పృథ్వీ అనుమానంగా ముసలాయన వైపు తిరిగాడు.

"సచ్చీ, దాదాజీ? ఏడా?"

దానయ్య మనవరాలి మొహం చూశాడు, వాడి మొహం చూశాడు.

"ఎనిమిది," అన్నాడు.