అక్క వైపు సగం తెర

స్పిరిట్‌లో ముంచిన దూదితో గేమ్ క్యాసెట్ అంచును తుడిచి, అలవాటు కొద్దీ ఒకసారి ఊది, మెకానిక్ దాన్ని పాత వీడియో గేమ్ మిషన్‌లోకి నొక్కాడు. తుపాకుల ఆట మొదలైంది. పాతికేళ్ల కిందట నోరు వెళ్లబెట్టి చూసిన ఆట.

"ఇప్పటికీ బాగుంటుందా?" అని దుకాణానికి వచ్చినవాళ్లు రోజూ అడుగుతారు. "ఇద్దరు కూర్చుంటే బాగుంటుంది" అంటాడు. ఈరోజు ఆ మాటేదో తేల్చుకుందామని, మిషన్ సంచిలో వేసుకుని మధ్యాహ్నం అక్క ఇంటికి నడిచాడు. అక్క దర్జీ. గుండె జబ్బుతో మంచం పట్టి రెండు నెలలైంది. ఇక ఎన్నాళ్లో బతకదని డాక్టరు చెప్పేశాడు.

ఇద్దరు ఆడితే తెర నిలువునా రెండవుతుంది. ఎడమ సగం అక్కది, కుడి సగం అతడిది. పక్క సగంలోకి తొంగిచూస్తే అవతలివాళ్లు ఎక్కడ నక్కారో తెలిసిపోతుంది. చూడకూడదని చిన్నప్పుడు ఒట్లు వేసుకున్నారు. అతడు చూశాడు, ప్రతిసారీ. అక్క ఓడి ఓడి, తనకు చేతకాదని ఆటే మానేసింది. ఇంటిల్లిపాదీ అతడి చురుకుదనం చూసి మురిసిపోయారు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చెవులు కాలతాయి. ఇవాళ చెప్పేయాలనుకున్నాడు.

"మొహాలేంట్రా, అట్టపెట్టెల్లా ఉన్నాయి!" అక్క దిండుకు ఆనుకుని నవ్వింది.

అయినా ఆటలో తలుపు తెరుచుకునే చప్పుడుకు మునుపటిలాగే పెదవి కొరుక్కుంది. ఆట బాగానే ఉంది. బాగాలేనిది తనే అనుకున్నాడు. కన్ను దానంతటదే ఎడమకు జారింది. తలుపు చాటున ఉన్న అక్కను ఒక్క దెబ్బకు కాల్చేశాడు.

"చచ్చాన్రా బాబూ! నీ కంట పడకుండా ఎక్కడ దాక్కోను?"

"అక్కా..." అన్నాడు. "రేపు మళ్లీ ఆడదాం" అని మిషన్ అక్కడే వదిలి లేచాడు. రేపు తప్పక చెప్పాలనుకున్నాడు.

పొద్దు వాలేవేళ బావ ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయిందయ్యా. తొందరగా రా."

పరుగున వెళ్లాడు. బావ కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వెళ్లగానే టేపు తెమ్మని టీవీ కొలిపించింది. ఎందుకే అంటే, 'వాడి దొంగచూపులు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, రేపు మధ్యలో అడ్డం పెట్టి ఓడిస్తా' అని ఒకటే నవ్వు."

పడుకున్న అక్క వైపు అతడు తలెత్తి చూడలేకపోయాడు. టీవీ ముందు, సుద్దగీత వెంట వంకర లేకుండా కత్తిరించిన అట్టముక్క, తెర మధ్యలో నిలబడేలా అడుగున మడత పెట్టి ఉంది.