చెంపకు ఆనించిన కట్టె

మా అడితిలో కట్టెలు కొనాలంటే కాస్త ఓపిక ఉండాలి. మా ఆయన జాయిద్ ప్రతి చీలికనూ ఇంకోదానితో కొట్టి చూశాకే బండికెత్తుతాడు. బాగా ఎండిన ఓక్ కట్టె కంచు గిన్నె అంచు తగిలినట్టు ఖంగుమంటుంది. పచ్చిది దబ్బుమని ఊరుకుంటుంది. అతని తండ్రీ అలాగే చూసేవాడు. సంత మలుపులో లారీల మీద అమ్మేవాళ్ళకు ఈ చాదస్తం లేదు, తూచి పోసి పొమ్మంటారు. కానీ కొండ మీద మంచు మొదలైందంటే, బాలింత ఉన్న ఇంటికీ ఉబ్బసం మనిషి ఉన్న ఇంటికీ మా కట్టెలే కావాలి.

ఈ ఏడు అడవిశాఖ అనుమతి ఆలస్యమై కొత్త కట్టెలు వేసవి చివర గాని రాలేదు. వాటిని వచ్చే ఏటికని గోడవారగా పేర్చాం. పక్కన నిరుటి ఎండు కట్టెల పేర్పు. శరత్కాలంలో ఒక గాలివాన టార్పాలిన్‌ను చింపి, రెండు పేర్పులనూ కలిపి కూల్చేసింది. వాన తడికి అన్ని కట్టెల కొసలూ ఒకేలా నల్లబడ్డాయి. కంటితో చూసి ఇది నిరుటిది, ఇది ఈ ఏటిది అని చెప్పడం ఎవరి తరమూ కాదు.

"చెవి ఉండగా కన్నెందుకు?" అన్నాడు జాయిద్. ఒక్కో చీలికా కొట్టి చూస్తూ పది రోజులు వేరు చేశాడు, వేరు చేసింది చేసినట్టే అమ్మాడు.

పదకొండో రోజు లల్లా రఖియా వచ్చింది. డెబ్బై దాటిన పెద్దామె, అందుకే అందరం లల్లా అంటాం. జాయిద్ తండ్రి కాలం నుంచీ మా దగ్గరే కొంటోంది. ఊపిరితిత్తులు బలహీనం, నోరు మాత్రం బలమే. శాలువా కింద నుంచి సగం కాలిన కట్టె తీసి జాయిద్ ముందు పెట్టింది.

"ఒరే జాయిద్, దీన్ని పొయ్యిలో పెడితే ఏడ్చిందిరా. అది ఏడుస్తుంటే చూడలేక నేనూ ఏడ్చాను. మా పిల్లి కూడా ఏడ్చి బయటికి పోయింది."

కొసన నురుగు ఎండి అంటుకుని ఉంది. పచ్చికట్టె కాలితే నీళ్ళు అలాగే నురుగై వస్తాయి.

"ఒకటీ అరా కలిసిపోయి ఉంటుంది, లల్లా," అన్నాడు జాయిద్.

"ఒకటీ అరా అయితే నేనీ కొండెక్కి వస్తానా? మీ నాన్నయితే నాకు అగ్గి అమ్మేవాడు. నువ్వు పొగ అమ్ముతున్నావు."

జాయిద్ ఇంకో బండి నింపి, స్వయంగా ఆమె ఇంటికి తోలి వచ్చాడు. మూడో రోజున నేను బట్టలారేయడానికి మిద్దె ఎక్కితే, లోయలో ఆమె ఇంటి పొగగొట్టం కనిపించింది. దాన్నుంచి బూడిదరంగు పొగ ఉన్ని తాడులా బరువుగా కిందికి జారుతోంది. ఎండుకట్టె పొగ అలా ఉండదు. ఉందో లేదో తెలియనంత పల్చగా ఉంటుంది.

ఆ పూట టీ పట్టుకుని అడితిలోకి వెళ్ళాను. జాయిద్ నాకు వీపు పెట్టి నిలబడి రెండు చీలికలు కొట్టాడు. ఖంగుమంది. నాకు స్పష్టంగా వినిపించింది. అతను మళ్ళీ కొట్టాడు. బదులివ్వని మనిషి ముఖంలోకి చూసినట్టు ఆ కట్టెను కాసేపు చూసి, పచ్చివాటిలోకి విసిరేశాడు. తర్వాతది దబ్బుమంది. దాన్ని మెల్లగా ఎండువాటి మీద పెట్టాడు.

అప్పుడు చాలా సంగతులు వరసగా గుర్తొచ్చాయి. కెటిల్ మూత గలగలలాడుతున్నా అతను తల తిప్పకపోవడం. ప్రార్థన పిలుపు మైకులో సరిగా రావడం లేదని వేసవి నుంచీ విసుక్కోవడం. భోజనాల దగ్గర నేనేదో చెబితే చిన్నగా నవ్వి ఊరుకోవడం. ఆ నవ్వు నా మాటలకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

దగ్గితే వినపడదు కదా. వెనక్కి నడిచి, బయటి నుంచి చుట్టూ తిరిగి, నా నీడ అతని ముందు పడేలా పెద్ద గుమ్మంలోంచి వెళ్ళాను.

"చల్లారకముందే తాగు," అన్నాను, గ్లాసు చూపిస్తూ.

ఆ సాయంత్రం రొట్టె తుంచుతూ జాయిద్ తలెత్తకుండా చెప్పాడు. "అడితి బస్సూకి అప్పగించేద్దామనుకుంటున్నా. మంచు పడకముందే. నా మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, తూదా."

బస్సూ అతని చిన్నాన్న కొడుకు. సంత మలుపులో లారీ మీద అమ్మేవాళ్ళలో ఒకడు. అతని చేతికొస్తే అడితి అడితిగా ఉండదు. అంతకన్నా, జాయిద్ ఏమైపోతాడు? పొద్దున్నే తాళం చెవి జేబులో వేసుకుని గేటు తెరవకపోతే ఆ రోజును ఏం చేసుకోవాలో అతనికి తెలీదు. అతని మోకాళ్ళకేమీ జబ్బు లేదని నాకు తెలుసు. ఆ పొద్దునే అరబస్తా పిండి మిద్దె మీదికి మోశాడు.

"మంగళవారం సంతలో బస్సూ కనిపిస్తాడు. అప్పుడు అడుగుతా," అన్నాడు.

మంగళవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చెవుల మాట ఎత్తితే అతను ఆ రాత్రే తాళాలు ఇచ్చి వచ్చేస్తాడు. ఎత్తకపోతే మంగళవారం ఇస్తాడు. అతని గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

మర్నాడు పొగమంచు. తీగ మీద బట్టలు నిన్నటి నుంచీ అలాగే ఉన్నాయి. చలికాలంలో బట్ట ఆరిందో లేదో చేతికి తెలీదు. వేళ్ళే గడ్డకట్టి ఉంటే పొడిదీ చల్లగానే ఉంటుంది, తడిదీ చల్లగానే ఉంటుంది. అందుకే మా అమ్మ చెంపకు ఆనించుకుని చూసేది. నేనూ అంతే. జాయిద్ ఉన్ని చొక్కా చెయ్యి చెంపకు పెట్టుకున్నాను. భుజం దగ్గర ఆరింది, కుట్టు దగ్గర ఆరలేదు. ఆ చొక్కాను అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

జాయిద్ మసీదుకు వెళ్ళినప్పుడు అడితిలోకి దిగాను. ఖంగుమన్నదొకటీ దబ్బుమన్నదొకటీ తీసుకుని చెంపకు పెట్టుకుంటే రెండూ ఒకేలా ఉన్నాయి. పైన వాన తడి. గొడ్డలితో రెంటినీ చీల్చి, లోపలి ముఖాన్ని ఆనించాను. ఒకటి ఏ చల్లదనమూ లేకుండా పొడిగా ఉంది. రెండోది తడిచేత్తో తాకినట్టు చల్లగా అంటుకుంది. అంతమాత్రానికి నమ్మేయడం నాకు చేతకాదు. కళ్ళు మూసుకుని ఇరవై కట్టెలు చెంపతో చూసి, తర్వాత కొట్టి విన్నాను. పద్దెనిమిది సరిపోయాయి. తప్పిన రెండూ ముడులున్న కట్టెలు, సరిగా చీలనివి.

జాయిద్ రాగానే పిలిచాను. అతను నా పెదాలు చూసేలా ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు సంతకెళ్ళినప్పుడు ఎవరైనా వస్తే కట్టె ఎంచడం నా వల్ల కావట్లేదు. కొడితే ఖంగుమందో దబ్బుమందో నాకు తేడా తెలీట్లేదు. అందుకని ఇలా చూస్తున్నా. సరేనా కాదా చెప్పు." చీల్చిన ముఖాన్ని చెంపకు పెట్టుకుని చూపించాను.

"నీకు తేడా తెలీట్లేదా?"

"తెలీట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"వేసవి నుంచి."

అతను నన్ను చాలాసేపు చూశాడు. కింద కోళ్ళు పొట్టును గీరుతున్నాయి. చెయ్యి చాచి నా చేతిలో కట్టె తీసుకుని చెంపకు పెట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏం తెలీట్లేదు," అన్నాడు.

"తెలీదు మరి. నీ గడ్డానికి ఆనిస్తున్నావు."

జాయిద్ గడ్డం చిన్నది కాదు. తండ్రి పోయిన ఏడు పెంచాడు, ఇరవై రెండేళ్ళు అవుతోంది. కట్టెను నుదుటికి పెట్టుకున్నాడు. నుదురు మొద్దు, ఎండకు చలికి గట్టిపడింది. ముక్కుకు ఆనిస్తే బెరడు పొడి ఎగిరి మూడు తుమ్ములు వచ్చాయి. నేను నవ్వాపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. ఈసారి ఎందుకు నవ్వాడో నాకు తెలుసు.

"అన్నీ దబ్బుమనే అంటున్నాయి, తూదా," అన్నాడు నవ్వు ఆగాక, కట్టె వైపు చూస్తూ. "అన్నీ."

అతని భుజం మీది పొట్టు దులిపాను.

మంగళవారం జాయిద్ సంతకు వెళ్ళాడు. నేను మధ్యాహ్నం దాకా ఏ పనీ సరిగా చెయ్యలేదు. ఒకే గ్లాసును రెండుసార్లు తోమాను. గేటు చప్పుడై చూస్తే ఎవరో కొత్త మనిషి లోపలికి వస్తున్నాడు. ముఖం పైసగం గోధుమరంగు, కిందిసగం రొట్టె పిండిలా తెలుపు. మంగలి కత్తి రెండుచోట్ల గీరింది. చంకలో కొత్త టార్పాలిన్ చుట్ట ఉంది.

"బస్సూ కనిపించాడా?"

"కనిపించాడు. నన్ను చూసి, ఎవరు పోయారన్నా అని అడిగాడు. ఎవరూ పోలేదు, గడ్డమే పోయిందన్నా." ఉన్ని అంగీ విప్పి మేకుకు తగిలించాడు. "అంతకుమించి వాడితో నాకు మాటల్లేవు."

ఆ పూటే ఇద్దరం మొదలుపెట్టాం. నేను చీలుస్తాను, జాయిద్ చెంపకు ఆనిస్తాడు. కొత్త చర్మం కదా, నాకంటే త్వరగా పట్టేస్తోంది. ముడులున్నవాటిని మాత్రం నేను కొట్టి విని చెబుతాను. నిరుటి కట్టె దొరికినప్పుడల్లా దాన్ని ఇంకో క్షణం చెంప మీదే ఉంచుకునేవాడు. పనికి అది అవసరం లేదు. నేను చూడనట్టు ఉన్నాను.

రెండు రోజుల తర్వాత లల్లా రఖియా మళ్ళీ వచ్చింది. తిట్టడానికే వచ్చింది. శాలువా కింద కట్టె కూడా తెచ్చింది. గుమ్మంలో ఆగి, జాయిద్‌ను కిందికీ పైకీ చూసింది.

"తూదా, ఈ పెళ్ళికొడుకెవరే? మీ ఆయన్ని ఏం చేశావు?"

"ఎండబెట్టాను, లల్లా."

"చాలా ఆలస్యంగా ఎండబెట్టావు." జాయిద్ కట్టెను చెంపకు పెట్టుకోవడం చూసి ఆమె కర్ర మీద ఆనుకుంది. "ఇదేం సరసంరా? మొన్నటిదాకా కట్టెల్ని కొట్టావు, ఇప్పుడు ముద్దులు పెడుతున్నావు."

"కొడితే నిజం చెప్పట్లేదు, లల్లా," అన్నాడు జాయిద్.

ఆమె ఒక కట్టె తీసి తన ముడతల చెంపకు ఆనించుకుంది. శాలువా కిందిది తీసి ఆనించి, ముఖం చిట్లించి దాన్ని పక్కన పడేసింది. "సరే, బండి కట్టు," అంది.

మర్నాడు తొలి మంచు పడింది. మిద్దె ఎక్కి లోయలోకి చూశాను. ఆమె పొగగొట్టం చుట్టూ మంచు అప్పుడే కరిగి నల్లని వలయం కనిపిస్తోంది. పైన గాలి కొంచెం వణుకుతోంది, అంతే. పొగ వెతుక్కోవాల్సి వచ్చింది.

సాయంత్రం జాయిద్ చెంప మీది గీతలకు ఆలివ్ నూనె రాశాను. టీ పోసి, ఎప్పటిలా పొయ్యికి ఎడమవైపు అతని దిండు వేశాను. అతను లేచి ఆ దిండు తీసి, నాకు అవతలివైపు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు అతని కుడిచెవి నా వైపుంది.

"ఇటైతే కాస్త వినిపిస్తుంది. చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"వేసవి నుంచీ ఏమేం చెప్పావో అవన్నీ. మొదటినుంచీ."

కెటిల్ దింపి పక్కన పెట్టి, కాస్త దగ్గరగా జరిగి మొదలుపెట్టాను.